తెల్లారేదాకా తిరిగే ఫ్యాను కోసం బెజవాడ

తిరువూరు నుంచి బెజవాడ వెళ్ళి వస్తే అందులో రాయడానికేముంటుంది అంటారు మీరు. నేనూ అదే అనుకుని బయల్దేరాను. పొద్దున్నే బస్సెక్కడం, ఒక డబ్బా కొనడం, హోటల్లో భోంచెయ్యడం, పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం. ఇంతే కదా పని! ఆ డబ్బా పేరు కటౌటు. అరచెయ్యంత ఉంటుంది, నల్లగా ఉంటుంది, లోపల తీగచుట్టలుంటాయి. అది బండిలో చేసే పనేమిటో ఆ రోజు నాకు కనిపించిన ప్రతివాడూ తలో రకంగా చెప్పాడు. అందరినీ నమ్మాను. అదీ నా ఖర్మ.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా అనసూయక్కయ్యను పెనుగొలను ఇచ్చారు. బావగారు రాఘవయ్యగారికి మెట్ట ఉంది, మాగాణి ఉంది, మామిడి తోట ఉంది, వీటన్నిటికన్నా ఎక్కువగా పట్టుదల ఉంది. అక్కయ్యకు ఉబ్బసం. కాశీ వెళ్ళాలని ఆవిడ ఎన్నాళ్ళనుంచో కలవరిస్తోంది. రైలు ఇంజను బొగ్గుపొగ ఆవిడకు పడదు, సత్రాల్లో కిటికీల్లేని గదులు పడవు. ఏటా అనుకోవడం, ఏటా మానుకోవడం. చివరికి బావగారికి విసుగొచ్చి, బెజవాడలో మందుల వ్యాపారులెవరో అమ్మేసిన పాత వ్యాను కొనుక్కొచ్చారు. వినగడప వడ్రంగిని పిలిపించి అందులో మంచం కొట్టించారు, గూళ్ళు పెట్టించారు, స్టవ్వుకు చోటు చేయించారు. కిటికీలకు అక్కయ్య పాత చీరలు చింపి తెరలు కుట్టింది. మంచం పక్కన చిన్న ఫ్యాను, నెత్తిమీద ఒక లైటు, వాటి కోసం మంచం కింద రెండో బ్యాటరీ. మా వైపు ఊళ్ళలో అలాంటి బండిని ఎవరూ చూసి ఎరగరు.

తిరువూరు డాక్టరుగారు బండి చూసి మెచ్చుకున్నారు, మెచ్చుకుంటూనే ఒక షరతు పెట్టారు. "రాత్రంతా ఆ ఫ్యాను తిరగాలండీ. అర్ధరాత్రి ఏ అడవిలోనో ఆవిడకి ఊపిరాడకపోతే ఎవరున్నారు చూడ్డానికి? సోమవారం వస్తాను. బ్యాటరీ నిలబడితే కాశీ. లేకపోతే ఇంట్లోనే దేవుడికి దణ్ణం పెట్టుకోండి" అన్నారు. బ్యాటరీ నిలబడటం లేదు. అదీ చిక్కు. బావగారు సాయంత్రం బండిని తోట దాకా తిప్పి నింపుకొస్తారు. తెల్లారి చూస్తే ఖాళీ. ఫ్యాను మూలుగుతుంది తప్ప తిరగదు.

వాడకుండానే ఎలా ఖాళీ అవుతోందని బావగారు తిరువూరు మెకానిక్కును అడిగారు. అతను పళ్ళపుల్ల నములుతూ తేల్చేశాడు. "కటౌటు పోయిందండి. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు బ్యాటరీలోకి పోవాలి. ఇంజను ఆగాక వెనక్కి రాకుండా అది తలుపెయ్యాలి. మీ బండిలో ఆ తలుపు పడట్లేదు. బెజవాడ నుంచి కొత్తది తెప్పించండి." ఈ వ్యవహారం మొత్తంలో నాకు అర్థమైన మాట అప్పటికి ఇదొక్కటే.

తెప్పించడానికి నేను దొరికాను. "ఏమయ్యా మాస్టారూ, నువ్వు చదువుకున్నవాడివి. కొట్టువాడు రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. నువ్వెళ్ళు" అన్నారు బావగారు. నేను బళ్ళో చెప్పేది సోషలు. నదులు, పంటలు, రాజుల యుద్ధాలు. ఆ మాటే చెప్పాను. "అన్నీ పుస్తకాల్లోవేగా" అన్నారాయన.

పోనీ పాత కటౌటు ఊడదీసి ఇస్తే అలాంటిదే అడుగుతాను కదా అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. ప్రయాణానికని పూజ చేయించిన బండి, ముహూర్తం ముందు మేకు కూడా కదిలించకూడదని పురోహితుడుగారు చెప్పారట. కొత్తది చేతికొచ్చాక మంచి ఘడియ చూసి ఒకటి విప్పి ఒకటి పెడదామన్నారు. సరే, నేనే దాని బొమ్మ గీసుకున్నాను. నాకు బొమ్మలు రావు.

శనివారం బడికి సెలవు. శివరాత్రి వెళ్ళిపోయింది, చలి వదిలింది, మామిడి పిందె కట్టింది. ఏడు గంటల బస్సుకు స్టాండుకు వెళ్ళేసరికి అక్కయ్యా బావగారూ ఆ వ్యానులోనే వచ్చి ఉన్నారు. బావగారు టీ తాగడానికి వెళ్ళగానే అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఏరా, ఏదో ఒకటి తెచ్చెయ్యి. తెచ్చి, ఇదే సరైందని మీ బావగారికి గట్టిగా చెప్పు."

"ఏదో ఒకటి ఎలా పనిచేస్తుందక్కయ్యా?"

"పనిచేస్తుందిలే. సోమవారం దాకా పనిచేస్తే చాలు. నువ్వు తీసుకురా, మిగతాది నేను చూసుకుంటా."

కటౌటును ఆవిడ ఏం చూసుకుంటుందో నాకు బోధపడలేదు. అడుగుదామంటే బస్సువాడు హారన్ కొట్టాడు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పొద్దున పోయేటప్పుడు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. సాయంత్రం వచ్చేటప్పుడు కూడా కుడివైపే కూర్చోండి. అదెలా అని నన్నడక్కండి, కూర్చుని చూస్తే తెలుస్తుంది. టికెట్టు ధర రాయను, మీరు వెళ్ళేనాటికి ఎలాగూ పెరుగుతుంది. ఎ.కొండూరు దాటేదాకా రోడ్డు మీ నడుముతో మాట్లాడుతూనే ఉంటుంది. మైలవరంలో బస్సు కాసేపు ఆపుతాడు. అక్కడ ఇడ్లీ బాగుంటుంది, కాఫీ మాత్రం అడక్కండి.

నా పక్కన కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన పేపరు చదువుతున్నాడు. తపాలాఫీసులో పనిచేసి రిటైరయ్యానని చెప్పాడు. నేను బెజవాడ ఎందుకు పోతున్నానో విని పేపరు మడిచేశాడు.

"పై దేశాల్లో ఎండతో కరెంటు తీస్తున్నారటండి. నెత్తిమీద గాజు పలకలు పెడితే చాలట. మన తిరువూరు ఎండకి ఊరంతా వెలగదూ!"

"మరి రాత్రిళ్ళో?"

"పగలు తీసింది బ్యాటరీలో దాచుకుంటారు."

"దాచింది రాత్రికి వెనక్కి పోకుండా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "దానికీ ఏదో ఒక డబ్బా పెట్టే ఉంటార్లెండి" అన్నాడు. ఎండను పట్టుకున్నా డబ్బా మాత్రం తప్పదన్నమాట. నాకు అప్పుడే సగం నీరసం వచ్చింది.

పదింటికల్లా బెజవాడలో దిగి రిక్షా మాట్లాడుకుని ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ సామాన్ల కొట్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి. అన్నిటి ముందూ నూనె మరకలే, అన్నిట్లోనూ సుత్తి చప్పుళ్ళే. పెద్దగా కనిపించిన కొట్లోకి వెళ్ళి, "ఒక కటౌటు కావాలండీ" అన్నాను, కూరగాయలు అడిగినంత తేలిగ్గా. కొట్టాయన లావుపాటి మనిషి, గల్లాపెట్టె వెనక బనీనుతో కూర్చుని ఉన్నాడు.

"ఆరు వోల్టులా, పన్నెండా?"

ఇది నాకు తెలుసు. బావగారు చెప్పి పంపారు. "పన్నెండు" అన్నాను, పరీక్ష పాసయినంత సంబరంగా.

"బ్యాటరీ నింపే డైనమో ఎంతది?"

బొమ్మ తీసి చూపించాను. ఆయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "ఇది ఇస్త్రీపెట్టెలా ఉందేంటండీ?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా వచ్చి చూశారు. నేను బొమ్మ మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

"పోనివ్వండి. ఎర్తు ప్లస్సా, మైనస్సా?"

తెల్లమొహం వేశాను. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. బ్యాటరీ నుంచి వచ్చే రెండు తీగల్లో ఒకదాన్ని బండి ఇనుముకు బిగిస్తారట. కొన్ని బళ్ళకు ప్లస్సు తీగ బిగిస్తారు, కొన్నిటికి మైనస్సుది. పాత బళ్ళు ఒక రకం, కొత్త బళ్ళు ఒక రకం. ఒకదాని కటౌటు ఇంకోదానికి పెడితే పొగొస్తుందట.

"సింపులండీ. బ్యాటరీకి పైన రెండు గుబ్బలుంటాయి కదా. ఎర్రగా ఉన్నది ప్లస్సు. ఇనుముకి బిగించింది ఎర్రగుబ్బ తీగా, రెండోదా?"

నేను కళ్ళు మూసుకుని మంచం కింది బ్యాటరీని గుర్తు చేసుకున్నాను. బాగానే గుర్తొచ్చింది. "రెండూ ఎర్రగానే ఉంటాయండీ" అన్నాను.

"రెండూ ఎర్రగా ఉండవు సార్."

"మా దానికి ఉన్నాయండీ. మా అక్కయ్య శుక్రవారం శుక్రవారం బండికి పూజ చేస్తుంది. స్టీరింగుకి, చక్రాలకి, ఇంజనుకి, బ్యాటరీకి పసుపు రాసి బొట్లు పెడుతుంది. రెండు గుబ్బలకీ పెడుతుంది. ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే బాగుండదుగా. ఇప్పటికి కుంకం మందంగా పేరుకుపోయింది."

ఆయన పక్క కొట్టాయన్ను కేకేసి పిలిచి, నా చేత మళ్ళీ మొదటినుంచీ చెప్పించాడు. ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. భక్తిగా బొట్టు పెట్టడమూ తప్పేనా? నవ్వడం అయ్యాక ఆయన ఏ ఎర్తయినా సరే పెద్ద రకం కటౌటు తీసుకోమన్నాడు. రెండు బ్యాటరీలున్న బండికి చిన్నది పెడితే మాడిపోతుందట. పక్క కొట్టాయన దానికి ఒప్పుకోలేదు. పెద్దది పెడితే డైనమోయే మాడిపోతుందన్నాడు. వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి వాదించుకోవడం మొదలుపెట్టారు. ఏదో ఒకటి మాడక తప్పదని మాత్రం నాకు తేలింది. మెల్లగా బయటికొచ్చేశాను.

గవర్నరుపేటలో అద్దాల బీరువాల కొట్టు ఒకటి ఉందని రిక్షా అతను తీసుకెళ్ళాడు. అక్కడ టై కట్టుకున్న కుర్రాడు ఇంగ్లీషులోనే మొదలెట్టాడు. బావగారు ఎందుకు బెదిరిపోతారో నాకప్పుడు తెలిసింది. అతను వెల్వెట్టు గుడ్డ మీద ఒక డబ్బా పెట్టి, దీన్లో తీగచుట్టలే లేవు, అంతా ట్రాన్సిస్టర్లే అన్నాడు. నాకు ట్రాన్సిస్టరంటే వార్తలు వినేది ఒక్కటే తెలుసు. ఇది మనిషిలా ఆలోచిస్తుందనీ, బ్యాటరీ నిండగానే తనే ఆపేస్తుందనీ, ఖాళీ కాగానే తనే మొదలెడుతుందనీ చెప్పాడు. బాగానే ఉందనుకుని, "ఎర్తు?" అని అడిగాను. అడగడం నేర్చుకున్నాను కదా! "మైనస్ మాత్రమే సార్. ప్లస్సుకి పెడితే ఆ క్షణంలోనే పోతుంది" అన్నాడు. మనిషిలా ఆలోచించేది ఆ మాత్రం తట్టుకోలేదా అనిపించింది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

అక్కడికి దగ్గర్లోనే భోజన హోటలు. ముద్దపప్పు, గోంగూర, దోసకాయ కూర, గడ్డపెరుగు. ఆ పూటకు నాకు ఏ సందేహమూ లేకుండా జరిగిన పని ఆ భోజనమే. ఎదురుగా కూర్చున్న లారీల యజమాని ఒకాయన నా కథ విని, పెరుగన్నం కలుపుకుంటూ తీర్పు చెప్పాడు.

"అసలా కటౌటు పీకేసి అవతల పారెయ్యండి. మూడు బ్యాటరీలు పెట్టుకోండి. ఒకటి ఖాళీ అయితే ఒకటి మార్చుకుంటూ పోండి కాశీ దాకా."

"మంచం కింద అంత చోటు లేదండీ."

"అయితే మంచం పీకెయ్యండి" అన్నాడాయన.

ఎండ మాడుస్తోంది. తల దిమ్మెక్కిపోయింది. నాకు నవ్వులాటగా ఉంది గానీ అక్కడ పెనుగొలనులో అక్కయ్య ప్రయాణం నేను కొనాల్సిన ఈ దిక్కుమాలిన డబ్బా మీద ఆధారపడి ఉంది. ఈసారి ఆగితే బావగారు మళ్ళీ బండి కొనరు. ఉన్న బండినే అమ్మేస్తారు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిరిగిన మనిషి జీవితంలో అడిగింది ఒకే ఒక్క ప్రయాణం. దాన్ని నేను ప్లస్సూ మైనస్సూ తెలియక పాడుచేస్తానేమోనని నిజంగా భయం వేసింది. ఏడుపొక్కటే తక్కువ.

చివరి ప్రయత్నంగా వన్‌టౌన్‌లో డైనమోలు బాగుచేసే ఇరుకు కొట్టుకు వెళ్ళాను. అక్కడి ముసలాయన అంతా విని, "ఆ ఫ్యాను రాత్రిపూట ఎవరైనా వాడుతున్నారా?" అన్నాడు. ఎవరు వాడతారండీ, బండి దొడ్లో నిలబడి ఉంటుంది, అందరూ ఇంట్లో పడుకుంటారు అన్నాను. "అయితే ఎలకలు" అన్నాడు నిశ్చయంగా. "తీగలు కొరికేసుంటాయి. కరెంటంతా ఇనుములోకి పోతోంది. పిల్లిని పెంచండి." కటౌటు కొనడానికొచ్చి పిల్లితో తిరిగి వెళ్ళే ఓపిక నాకు లేదు. ఆయన్ని బతిమాలి ప్లస్సు రకం ఒకటి, మైనస్సు రకం ఒకటి, రెండూ తీసుకున్నాను. బిగించనిదాన్ని వాపసు తీసుకుంటానన్నాడు. గుర్తు కోసం ప్లస్సుదానికి పురికొస కట్టాడు. రిక్షాలో బస్టాండుకు వచ్చేసరికి ఆ పురికొస ఊడిపోయి సంచీ అడుగున పడుంది.

మూడు గంటల బస్సు దొరికింది. కుడివైపే కూర్చున్నాను. కొండపల్లి కొండలు దాటేదాకా రెండు డబ్బాలనూ చేతుల్లోకి తీసుకుని మార్చి మార్చి చూశాను. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఇక చూడ్డం మానేశాను.

మైలవరంలో కాంతమ్మగారు ఎక్కింది. పెనుగొలనులో అక్కయ్యవాళ్ళ పక్కిల్లే ఆవిడది. మధ్యలో గోడ ఒక్కటే అడ్డం. కూతురి దగ్గరికి వచ్చి వెళుతోందట. నన్ను చూడగానే పక్కన చేరింది.

"బెజవాడ ఎందుకెళ్ళావు నాయనా?"

చెప్పాను. ఆ బండి బ్యాటరీ ఎందుకో నిలబడట్లేదండీ, దానికోసం అన్నాను.

"ఎందుకు నిలబడుతుంది? రాత్రిళ్ళు గుయ్యిమంటూ ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంటుందిగా. మూడింటికి ఆగుతుంది. అది ఆగాకే మాకు నిద్ర."

నాకు వినపడింది గానీ ఎక్కలేదు. "ఎవరు వేస్తున్నారు పిన్నిగారూ?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనకు. మీ అక్కయ్యే. అందరూ పడుకున్నాక లేచి వెళ్ళి బండిలో పడుకుంటుంది. తెల్లారకముందే మళ్ళీ ఇంట్లోకొచ్చేస్తుంది. మీ బావగారు ధర పెరగలేదని పత్తంతా ఇంట్లోనే నింపారుగా. ఆ నూగుకి ఆవిడకి ఊపిరాడట్లేదు. ఇంట్లో ఫ్యాను వేస్తే నూగు ఇంకా లేస్తుంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

"బావగారికి చెప్పొచ్చుగా?"

"చెబితే ఏమంటాడు? ఇంట్లోనే ఇలా ఉంటే ఇక కాశీ ఏంటి అంటాడు. ఆ భయం."

ఆ పత్తిని నేనూ చూశాను. నడవలో, గదుల్లో, మంచాల పక్కన నిట్టనిలువుగా పోసి ఉంటే పక్కకు తప్పుకుంటూ వెళ్ళి కాఫీ తాగి వచ్చాను. బ్యాటరీ ఎందుకు ఖాళీ అవుతోందో ఇప్పుడు తెలిసింది. తలుపు పడకపోవడమూ లేదు, ఎలకలూ లేవు. పొద్దున అక్కయ్య అన్నదీ అర్థమైంది. సోమవారం దాకా ఆ రెండు రాత్రులూ బండి జోలికి పోకుండా ఇంట్లోనే ఆయాసపడుతూ పడుకుంటుంది. బ్యాటరీ నిండుగా ఉంటుంది. డాక్టరుగారు సరేనంటారు. అమ్మా తల్లీ!

కానీ ఇప్పుడు నేనేం చెయ్యాలి? బావగారికి చెబితే కాశీ ఆగిపోతుంది. చెప్పకపోతే ఆవిడ ఈ రెండు రాత్రులూ ఆ నూగులో ఎలా ఉంటుందో, ఆ తర్వాత అంత దూరం ఏమవుతుందో. పొద్దున నా దగ్గరున్న తికమక ఇనపడబ్బాది. ఇదలాంటిది కాదు. తిరువూరు వచ్చేసింది, నా ఆలోచన మాత్రం ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది.

స్టాండులో వ్యాను ఎదురుచూస్తోంది. ఆదివారం పెనుగొలనులోనే ఉండి డబ్బా బిగించే పని చూసి పొమ్మని బావగారు ముందే చెప్పారు. కాంతమ్మగారు వాళ్ళవాళ్ళ ఎడ్లబండి వచ్చిందంటూ అటే జారుకుంది. అక్కయ్య వెనక మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకీ మాకూ మధ్య చీర తెర. నేను ముందు బావగారి పక్కన ఎక్కాను. బండి కదిలాక ఇంజను మోతకు వెనకవాళ్ళకు మా మాటలు వినపడవు.

"దొరికిందా?" అన్నారు.

"రెండు దొరికాయి."

ఊరు దాటాక రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు. "నీ దగ్గర ఒక సంగతి దాచాను మాస్టారూ. ఆ బ్యాటరీ ఊరికే ఖాళీ అవట్లేదు. మీ అక్కయ్యకి నా మీద కోపమొచ్చింది. రాత్రిళ్ళు వెళ్ళి బండిలో పడుకుంటోంది. పెళ్ళాం అలిగి దొడ్లో పడుకుంటోందని మెకానిక్కుతో చెప్పుకోనా? నీతో చెప్పుకోనా?"

నేను తల తిప్పి వెనక తెర వంక చూశాను.

"పత్తి అమ్మెయ్యమంది. ధర లేనప్పుడు ఎలా అమ్ముతానని కసురుకున్నా. అప్పట్నుంచీ అంతే. తెల్లవారుజామున ఫ్యాను ఆగిపోగానే లేచి కూర్చుంటుంది. అరుగు మీంచి నాకు కనిపిస్తుంది. వెళ్ళి అడుగుదామంటే ఏం గొడవవుతుందోనని... ఆ కోపం ఎప్పుడు తగ్గుతుందో ఏంటో. అప్పటిదాకా ఆ ఫ్యాను తెల్లారేదాకా తిరిగితే చాలనుకున్నా. అందుకే మంచిది తెమ్మన్నా."

పగలంతా నాతో పెద్ద రకమని, చిన్న రకమని, ప్లస్సని, మైనస్సని ఎందరో వాదించారు. ఈయనకు కావలసిందేమిటో వాళ్ళెవరికీ తెలియదు, నాకూ తెలియదు. కళ్ళు చెమర్చాయి. ఇక ఆగలేకపోయాను.

"అది కోపం కాదు బావగారూ. ఆయాసం. పత్తి నూగు పడట్లేదు అక్కయ్యకి. మీకు తెలిస్తే కాశీ మానిపిస్తారని భయపడి చెప్పలేదు."

బండి ఒక్కసారిగా ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. రెండు పక్కలా చేలు, ఎక్కడా మనిషి లేడు. వెనక తెర జరిగి అక్కయ్య తల కనిపించింది.

"ఎందుకాపారు? ఏమైంది?"

బావగారు వెనక్కి తిరిగి ఆవిడ వంకే చూశారు. "నూగుకి ఊపిరాడట్లేదా నీకు?"

అక్కయ్య నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకు చిన్నప్పటి దెబ్బలన్నీ గుర్తొచ్చాయి. "కాంతం నోట్లో నువ్వుగింజ నానదు" అంది. తర్వాత మెల్లగా, "చెబితే కాశీ మానిపిస్తారుగా" అంది.

"మానిపించక!"

ఆ ఒక్క మాటతో అక్కయ్య మొహం పాలిపోయింది. చేసిందంతా చేసి, చివరికి ఆవిడ నోటి దగ్గరిది నేనే లాగేశాను. ఎందుకు నోరు విప్పానా అని నన్ను నేను తిట్టుకుంటున్నాను. బావగారు ఇంజను స్టార్టు చేశారు. బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పి, వెనక్కి మళ్ళించి, మళ్ళీ తిరువూరు వైపు పోనిచ్చారు.

"ఎక్కడికి?" అంది అక్కయ్య.

"జిన్నింగు మిల్లుకి. షావుకారు ఇంకా కూర్చునే ఉంటాడు. పొద్దున్నే బళ్ళు పంపించి పత్తంతా ఎత్తుకుపొమ్మంటా."

"ధర ఇవాళ ఇంకా పడిపోయిందటగా."

"పడిపోనీ."

మా బావగారి నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. అక్కయ్యా వినలేదనుకుంటాను.

"ఇల్లంతా కడిగిస్తా. సోమవారం డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెబుదాం. ఆయన వెళ్ళమంటే కాశీ వెళదాం."

"వద్దంటే?"

"వెళ్ళమనేదాకా ఇద్దరం బండిలోనే పడుకుందాం."

అక్కయ్య తెర కొసను వేలికి చుట్టుకుంది. "ఫ్యాను మూడింటికి ఆగిపోతుంది" అంది.

"ఆగితే నేను విసురుతా. ఇంట్లో విసనకర్ర లేదా ఏంటి?"

తిరువూరు దీపాలు కనిపిస్తున్నాయి. నేను రెండు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు విన్న ఏర్పాట్లన్నిట్లోకీ నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే.